సుగుణమ్మ గారింటి నిలువు గీత

కొల్లాబత్తుల సుగుణమ్మ హెడ్ నర్సుగా రిటైరై ఇంటికొచ్చింది గానీ, ఆవిడ చేతులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. తలుపు గొళ్లేలకీ, టీవీ రిమోటుకీ, చివరికి గుమ్మంలోకొచ్చిన కూరగాయలవాడి తక్కెడకీ ఆవిడ స్పిరిట్టు గుడ్డ తగలందే రోజు గడిచేది కాదు. ఆవిడ భర్త ప్రకాశరావు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగినవాడు. ఉద్యోగమంతా ఆటస్థలంలో దుమ్ము తిన్నవాడు కాబట్టి దుమ్ము విషయంలో ఆయనది కొంచెం ఉదార స్వభావం. ఈ ఒక్క సంగతి పక్కన పెడితే కాకినాడలో ఆ దంపతులు అన్యోన్యంగానే కాపురం చేసుకుంటున్నారు.

వాళ్లకి ఒక్కగానొక్క కూతురు షారోను. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగ పరీక్షలు రాసి రాసి వేళ్లు కాయలు కాశాక, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా ఎంపికైంది. వీధంతా పూతరేకులు పంచారు. ఇక మిగిలింది ధ్రువపత్రాలు పంపడమే. కాలేజీలు తెరిచేలోగా అవి ఆమోదం పొందకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్లకి పోతుంది.

ధ్రువపత్రాలు పంపాల్సింది ధ్రువపత్రాల ఏకీకరణ శాఖకి. ఆ శాఖవారు ఆ ఏడాదే ఒక కొత్త ఉత్తర్వు తీశారు. "అభ్యర్థులు ఒకటవ తరగతి మొదలుకొని తమ సమస్త పత్రములను స్వగృహమునందు, స్వీయ యంత్రముపై మాత్రమే స్కాను చేసి పంపవలెను. బజారు స్కానులు అంగీకరింపబడవు" అని. బజారులో స్కాను చేస్తే ఏమవుతుందో ఉత్తర్వులో లేదు. అడిగినవాళ్లకి, ఉత్తర్వులో లేనిదానికి జవాబు ఇవ్వడం కుదరదన్నారు.

దాంతో ప్రకాశరావు ఒక స్కానరు కొనుక్కొచ్చాడు. పై ట్రేలో కాగితాల దొంతర పెడితే, లోపలి రబ్బరు రోలర్లు ఒక్కొక్క కాగితాన్నీ లాక్కుని, సన్నటి అద్దం మీదుగా నడిపించి, కింద ట్రేలోకి వదిలేస్తాయి. ఆ వేగం చూసి ఆయన ముచ్చటపడ్డాడు. క్రమశిక్షణ అంటే ఇదీ అని మెచ్చుకున్నాడు. కాగితాలకున్న పిన్నులు తీయాలనీ, దొంతరని పేకముక్కల్లా విదిలించి పెట్టాలనీ, అద్దాన్నీ రోలర్లనీ తరచూ తుడవాలనీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంది. పిన్నులు తీశాడు. దొంతర విదిలించాడు. తుడిచే పేజీ దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేశాడు.

మొదటి విడతలో స్కూలు కాగితాలు పెట్టాడు. అందులో ఎప్పుడో చిరిగిపోతే టేపు అంటించిన ఏడో తరగతి మార్కుల కాగితం ఒకటుంది. ఆ టేపు జిగురు ఆవగింజలో సగమంత అద్దానికి అంటుకుంది. అక్కణ్ణుంచి ప్రతి కాగితం మీదా కుడి అంచుకి రెండు వేళ్ల ఇవతల, పైనుంచి కిందిదాకా ఒక సన్నటి నల్ల గీత పడింది. ప్రకాశరావుకి అది కళ్లకి ఆనలేదు. అలాగే పంపించేశాడు.

మర్నాడు ఆ గీత సుగుణమ్మ కంటబడింది. మూత తెరిచి చూసి, భర్త వైపు ఒక చూపు చూసి, దూది పోగులు వదులుతుందని కళ్లద్దాలు తుడిచే గుడ్డ తీసుకుని, స్పిరిట్టుతో అద్దం తుడిచింది. రోలర్లని వేలితో తిప్పుతూ చుట్టూరా తుడిచింది. రెండో విడతలో కాలేజీ కాగితాలు మల్లెపువ్వుల్లా వచ్చాయి. అవీ పంపించారు.

వారం తిరక్కుండా శాఖ నుంచి జవాబొచ్చింది. మొదటి విడత ఆమోదం. రెండో విడత తిరస్కారం. కారణం: "నిలువు గీత లోపించినది."

తల్లీకూతుళ్లిద్దరూ శాఖ కార్యాలయానికి వెళ్లారు. ఉపసంచాలకులు గరిమెళ్ల విశ్వపతి గారు కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. ఆయన మంచివారే. మాట్లాడేటప్పుడు మాత్రం ఎదుటివాళ్లతో కాకుండా ఫైలుతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

"ప్రథమ విడత ఆమోదింపబడినది. ఆమోదింపబడిన పత్రమునందు లోపము ఉండజాలదు. అందు గీత ఉన్నది. కావున గీత లోపము కాజాలదు," అన్నారాయన. "అది లక్షణము. ఆ లక్షణము ద్వితీయ విడతలో లేదు."

"అది మురికండి," అంది సుగుణమ్మ. "అద్దానికి జిగురంటుకుంది. నేను తుడిచేశాను."

"ఎందులకు తుడిచితిరమ్మా?" అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

ముప్పై ఏళ్లు వార్డుల్లో గడిపిన సుగుణమ్మని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అయితే మొదటి విడత కూడా గీత లేకుండా మళ్లీ పంపుతానని షారోను అంది. ఆమోదించినదాన్ని మళ్లీ పంపడం ఆమోదాన్ని శంకించడమవుతుందనీ, అందుకు వేరే సెక్షన్ ఉందనీ, ఆ సెక్షన్‌లోకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం తాను చూడలేదనీ విశ్వపతి గారు చెప్పారు.

ఇంటికొచ్చి సుగుణమ్మ మురికి చేయడం మొదలుపెట్టింది. ఆవిడ జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. ముందు పసుపు చల్లి చూసింది. గీత బదులు మబ్బు పడింది. బెల్లం పాకం చుక్క వేస్తే గీత వచ్చింది గానీ చీమలు కూడా వచ్చాయి. ఒక చీమ షారోను డిగ్రీ పట్టా మీద స్కానై, ఆమె తండ్రి పేరు పక్కన కూర్చుంది. కాటుకతో పెడితే గీత మరీ మందంగా వచ్చింది. దాన్ని పంపిస్తే "గీత స్థూలముగా ఉన్నది, సంతాప సూచకముగా తోచుచున్నది" అని తిప్పికొట్టారు. చివరికి ప్రకాశరావుకి బుద్ధి వెలిగి, ఆ ఏడో తరగతి కాగితాన్నే మళ్లీ యంత్రంలోకి పంపాడు. టేపు జిగురు అదే చోట అంటుకుంది. గీత అదే కొలతలో దిగింది. కాగితాలన్నీ ఆమోదం పొందాయి. ఆ సాయంత్రం ముగ్గురూ కాజాలు తెప్పించుకు తిన్నారు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ విశ్వపతి గారు ఆ గీతని మరిచిపోలేదు. నకిలీ పత్రాల్ని అరికట్టేందుకు ఇంతకంటే తేలిక మార్గం లేదని ఆయన పైవాళ్లకి రాశారు. పైవాళ్లు వాళ్ల పైవాళ్లకి రాశారు. నెలాఖరుకి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఏ శాఖకి పంపే ఏ పత్రమైనా కుడి అంచుకి రెండు వేళ్ల ఇవతల నిలువు గీతతోనే ఉండాలి. నమూనాగా షారోను ఏడో తరగతి మార్కుల కాగితం జతపరిచారు. ఆమెకి లెక్కల్లో ఎన్ని వచ్చాయో రాష్ట్రమంతటికీ తెలిసింది.

జనం గోల గోలగా యంత్రాలు కొన్నారు. కొత్త యంత్రాల్లో గీత ఎక్కణ్ణుంచొస్తుంది? కొందరు స్కేలు పెట్టి పెన్నుతో గీశారు. అది ఫోర్జరీ అన్నారు. కొందరు జిగురు రాశారు. అది "ప్రేరేపిత రేఖ" అన్నారు. సహజంగా పడిన గీత రాష్ట్రంలో ఒక్క యంత్రానికే ఉందని ఎలాగో తెలుసుకుని, స్వీయ యంత్రం మాట శాఖవారే మరిచిపోవడంతో, సంచులూ ఫైళ్లూ పట్టుకుని జనం సుగుణమ్మ గారింటికి వచ్చిపడ్డారు. వరస వీధి చివర మిరపకాయ బజ్జీల బండి దాటి మెయిన్ రోడ్డెక్కింది. బజ్జీల బండి రెండైంది.

ప్రకాశరావుకి పూర్వవైభవం వచ్చింది. పాత ఈల తీసి మెడలో వేసుకుని, వరసని మూడు పంక్తులుగా విడదీసి, ఎండలో నిలబడ్డవాళ్లకి కాళ్లు పట్టేయకుండా గంటకోసారి చేతులు పైకెత్తించి దింపించేవాడు. మామిడాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన నడుం నొప్పి పోయిందని, స్కాను అయిపోయినా రోజూ వచ్చి వరసలో నిలబడేవాడు.

పోనుపోను ఇల్లు శాఖ చేతిలోకి వెళ్లింది. ముందుగది "రాష్ట్ర రేఖా కేంద్రం" అయింది. బోర్డు కట్టారు. సోఫా పెరట్లోకి వెళ్లింది. ఇంటివాళ్లు ముందు గుమ్మంలోంచి రావాలంటే విజిటర్ చీటీ రాయించుకోవాలి. అద్దం మీది జిగురు చుక్కకి "రేఖా మూలము" అని పేరు పెట్టి, దాని రక్షణకి సింహాచలం అనే హోంగార్డుని వేశారు. అతను యంత్రం పక్కన కుర్చీ వేసుకుని, ఈగ వాలితే వివరాలు రాసుకునేవాడు. యంత్రాన్ని తుడవడం నిషేధించారు. ముందుజాగ్రత్తగా సుగుణమ్మ స్పిరిట్టు సీసాని పోలీసు స్టేషన్లో పెట్టించి రసీదిచ్చారు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు.

అన్ని ఊళ్ల కాగితాల పొడీ చేరి రోలర్లు నునుపుదేలాయి. ఒక కాగితం లాగాల్సిన చోట రెండు లాగడం మొదలైంది. రెండు కలిసి వెళ్లినప్పుడల్లా యంత్రం కీచుమని అరిచి ఆగిపోయేది. అలా ఆగడం విధి నిర్వహణలో అలసత్వమవుతుందని, శాఖవారు ఒక మనిషిని పంపి ఆ కీచును తీయించేశారు. ఆ తర్వాత ఏ జంట వెళ్లినా చప్పుడు లేకుండా వెళ్లింది.

కాగితం మీద ఒకటైనవాళ్లు శాఖ లెక్కలోనూ ఒకటయ్యారు. పిఠాపురం నుంచి వచ్చిన ఇద్దరు అభ్యర్థుల పత్రాలు కలిసిపోతే, ఇద్దరూ ఒకే ఉద్యోగంలో ఒకే కుర్చీలో చేరాలని ఉత్తర్వొచ్చింది. వాళ్లు ఒకరికొకరు పరిచయం లేనివాళ్లు. చేరారు. ఒకావిడ జనన ధ్రువపత్రం, పక్కింటాయన మరణ ధ్రువపత్రం కలిసి వెళ్లడంతో ఆవిడ పుట్టకముందే పోయినట్టు తేలింది. ఆవిడ అభ్యంతరం చెప్పబోతే, అభ్యంతరం చెప్పడానికి ముందు పుట్టి ఉండాలన్నారు.

ఇవన్నీ చూసి ప్రకాశరావు పడీ పడీ నవ్వేవాడు. షారోను వంతు వచ్చేదాకా నవ్వాడు.

షారోనుకి నియామక ఉత్తర్వు వచ్చింది. దాన్ని కూడా గీతతో స్కాను చేయించుకుంటేనే చేరనిస్తారు. సొంతింట్లో యంత్రానికి ఆ పిల్ల చీటీ రాయించుకుని, వరసలో నిలబడి, పొద్దువాలుతుండగా కాగితం పెట్టింది. ఆమె వెనక నిలబడ్డది సామర్లకోట గుబ్బల వీర్రాజు. ఇటుకలు తోలే లారీ అతనిది. ఆ లారీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కరుచుకుని లోపలికెళ్లి, ఒకటిగా బయటికొచ్చాయి.

మర్నాడు కాలేజీలో ప్రిన్సిపాల్‌గారు కంప్యూటర్లో చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. రికార్డులో ఇలా ఉంది: కొల్లాబత్తుల షారోను, ఎమ్మెస్సీ వృక్షశాస్త్రము, ఆరు చక్రములు, డీజిలు.

"చూస్తే మనిషిలాగే ఉన్నావమ్మా," అందావిడ జాలిగా. "కానీ నేను చూసిందొకటీ రికార్డులో ఉన్నదొకటీ అయితే, రేపు ఆడిట్‌లో నా కళ్లకే కదా సంజాయిషీ అడిగేది."

బ్రేకు పరీక్ష, హారను పరీక్ష అయ్యాక రమ్మన్నారు. ఈలోగా కాలేజీ ఆవరణలో నిలబడొద్దనీ, పగటిపూట భారీ వాహనాలకి ప్రవేశం లేదనీ గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. శనివారం లోపల చేరకపోతే ఉద్యోగం పోతుందని కూడా చెప్పారు.

షారోను ఇంటికొచ్చి పెరట్లో సోఫాలో కూర్చుని మొదట నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ప్రకాశరావు ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు.

సుగుణమ్మ మళ్లీ విశ్వపతి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన సావధానంగా విన్నారు. అమ్మాయికి చక్రాలు లేవని రవాణా శాఖ నుంచి చక్రరాహిత్య ధ్రువపత్రం తెచ్చి, గీతతో స్కాను చేయించి పంపితే సరిపోతుందన్నారు. ఆ పత్రం కూడా యంత్రంలో ఇంకోదాంతో అంటుకుపోతే ఏం చేయాలని ఆవిడ అడిగింది.

"అప్పుడు ఆ రెండవదానికీ చక్రములు లేనట్లే," అన్నారాయన. "అది ఆ రెండవవారి సమస్య."

రోలర్లు ఒక్కసారి తుడవనివ్వమని ఆవిడ బతిమాలింది. రోలర్లు తుడిస్తే అద్దం కదులుతుంది, అద్దం కదిలితే రేఖా మూలం కదులుతుంది, అది కదిలితే రాష్ట్రం కదులుతుందని ఆయన చెప్పారు. పైగా శుక్రవారం నాడు కమిషనర్ గారు స్వయంగా రేఖా మూలాన్ని సందర్శించడానికి వస్తున్నారనీ, గృహ యజమానురాలిగా మూత తెరిచే గౌరవం ఆవిడకే దక్కుతుందనీ చెప్పి పంపించారు.

శుక్రవారం వీధికి తోరణాలు కట్టారు. కమిషనర్ గారు వచ్చారు. ఆయన వెనక టీవీవాళ్లు వచ్చారు. విశ్వపతి గారు గీత పుట్టుపూర్వోత్తరాల మీద ప్రసంగించారు. ఆయన దృష్టిలో అది కేవలం గీత కాదు, పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న సంబంధమే ఆ రూపంలో వెలసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సుగుణమ్మని పిలిచారు. షారోను నియామక ఉత్తర్వుని చేత్తో పట్టుకుని ఆవిడ యంత్రం దగ్గరికొచ్చింది. కమిషనర్ గారి ముందైనా దాన్ని ఒంటరిగా పంపించమని అడగాలన్నంత వరకే ఆవిడ ఉద్దేశం.

మూత తెరిచింది.

లోపల రోలర్ల మీద బూడిదలాగా కాగితప్పొడి. మడతల్లో జిగురు నల్లగా కట్టి ఉంది. ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో చెవి దగ్గర చిరిగి ఇరుక్కుంది. సుగుణమ్మ కళ్లకి అది యంత్రంలా కనబడలేదు. రోజుల తరబడి కట్టు మార్చని పుండులా కనబడింది. హ్యాండ్‌బ్యాగులో ఇంజెక్షనుకి ముందు రాసే స్పిరిట్టు స్వాబులు పొట్లాలుగా ఎప్పుడూ ఉంటాయి. పోలీసులు సీసా తీసుకెళ్లారు గానీ బ్యాగు వెతకలేదు. ఆవిడ చెయ్యి బ్యాగులోకి వెళ్లడం ఆవిడకే తెలియదు.

"ఈ మూత కొంచెం పట్టుకోండి సార్," అంది పక్కకి చూడకుండానే.

ఆ గొంతు విన్న పెద్ద డాక్టర్లే ఏ రోజూ ఎదురు చెప్పలేదు. కమిషనర్ గారు మూత పట్టుకున్నారు. సుగుణమ్మ ముందు రోలర్లని తిప్పి తిప్పి తుడిచింది. ఫోటో ముక్క తీసి పక్కన పెట్టింది. ఇంకో పొట్లం చింపి, అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగున తుడిచింది. సింహాచలం లేచి నిలబడ్డాడు గానీ, కమిషనర్ గారే మూత పట్టుకుని ఉంటే ఎవరిని ఆపాలో అతనికి పాలుపోలేదు.

"రేఖా మూలమేదమ్మా?" అన్నారు విశ్వపతి గారు. ఆయన నోట మామూలు తెలుగు అదే మొదటిసారి.

సుగుణమ్మ నల్లబడ్డ స్వాబు చూపించింది. "ఇదిగోండి."

వీధిలో బజ్జీల నూనె చుయ్యిమంటోంది. ఆవిడ ట్రేలో కూతురి నియామక ఉత్తర్వు ఒక్కటే పెట్టి మీట నొక్కింది. కాగితం తనంత తాను లోపలికెళ్లి, బయటికొచ్చింది. తెర మీద బొమ్మ పడింది. తెల్లగా, శుభ్రంగా, గీతన్నది లేకుండా.

టీవీ కెమెరాలన్నీ విశ్వపతి గారి వైపు తిరిగాయి. ఆయన తెరకి దగ్గరగా వంగారు. ఇరవై మంది సిబ్బంది, రెండు జీపులు, రాబోయే ప్రమోషనూ ఆ గీత మీద ఆధారపడి ఉన్నాయి. చాలాసేపు చూసి, నడుం నిటారుగా చేశారు.

"రేఖ పరిపక్వమైనది," అన్నారు. "స్థూల రూపమును వీడి సూక్ష్మ రూపము దాల్చినది. అనుభవజ్ఞుల నేత్రములకు మాత్రమే గోచరించును."

కమిషనర్ గారు చూశారు. ఆయన వైపు కెమెరాలు చూశాయి. మూత పట్టుకున్న తన చేతులు అప్పటికే టీవీలో పడ్డాయన్న సంగతి ఆయనకి గుర్తొచ్చింది.

"అవును. స్పష్టంగా ఉంది," అన్నారు.

ఆయన వెనకవాళ్లకీ స్పష్టంగా కనబడింది. వాళ్ల వెనక తెర కూడా కనబడనివాళ్లకి ఇంకా స్పష్టంగా కనబడింది. సింహాచలం తనకి పొద్దుట నుంచీ కనబడుతూనే ఉందన్నాడు. అప్పటికప్పుడు ఆ కాగితాన్ని అదృశ్య రేఖకి తొలి నమూనాగా ప్రకటించి, విశ్వపతి గారు ఆమోదం సంతకం చేశారు. శనివారం పొద్దున్నే షారోను, చక్రాలేవీ లేకుండా, కాలేజీలో చేరింది.

సోమవారం సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట అన్ని పత్రాల మీదా అదృశ్య రేఖ తప్పనిసరి. ఎవరింట్లో వాళ్ల యంత్రం మీద అది చక్కగా పడుతుండటంతో జనం ఊపిరి పీల్చుకున్నారు. వరస పోయింది. బోర్డు విప్పారు. సోఫా ముందుగదిలోకొచ్చింది. మామిడాడ పెద్దాయన మాత్రం ఇంకొన్నాళ్లు వచ్చి చేతులు ఎత్తి దించి వెళ్లాడు. అదృశ్య రేఖని పరిశీలించడానికి విశ్వపతి గారి కింద ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఇప్పటికి ఒకే ఒక్క పత్రాన్ని తిరస్కరించారట. అందులో రేఖ కనబడిందట.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి సుగుణమ్మ ముందుగది తుడుస్తుంటే, లారీ వీర్రాజు ఒక సంచీతో వచ్చాడు. కూర్చోమంటే మొహమాటంగా అంచున కూర్చున్నాడు. షారోను కాగితాన్ని విడదీశారు గానీ తన లారీదాన్ని ఎవరూ విడదీయలేదట. అది ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంతో శాఖ లెక్కల్లో ఉండిపోవడంతో, లారీని అందరూ వెళ్లనని మొరాయించే ఒక ఏజెన్సీ కాలేజీలో లెక్చరర్‌గా వేశారట. ఎలాగూ ఆ దారిలోనే ఇటుకలు తోలాలి కదా అని రోజూ కాలేజీ ముందు కాసేపు ఆపుతున్నాడట. ఇంతకు ముందున్నవాళ్లందరికంటే హాజరు బాగుందని ప్రిన్సిపాల్ రాశాడట.

"అంతా బానే ఉందండి," అన్నాడు వీర్రాజు. "కాపోతే దానికి ఘాట్ రోడ్డు పడట్లేదండి. ఇంజను ఆయాసపడిపోతంది. మా ఇంకో లారీ ఇక్కడే సామర్లకోటలో తిరుగుద్ది కదండీ. భార్యాభర్తల కోటా కింద దీన్ని కూడా ఇటేపు బదిలీ చేయించుకోవచ్చని మా బావ చెప్పాడండి."

సుగుణమ్మ అతని మొహంలోకి చూసింది. అతను వేళాకోళం ఆడటం లేదు. సంచీలోంచి రెండు లారీల కాగితాలూ జాగ్రత్తగా తీసి, స్కాను చేసిపెట్టమని బల్ల మీద పెట్టాడు.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, యంత్రం మూత తెరిచి అద్దం ఒకసారి తుడిచింది. తర్వాత ఆ రెండు కాగితాల్నీ అందుకుని, అంచులు విదిలించి, దేనికది వేరు చేసింది.

"ఇటివ్వండి, నేను పెడతాను," అంది. "పెళ్లయినవాళ్లయినా సరే, దీంట్లోకి మాత్రం ఒక్కొక్కళ్లే వెళ్లాలి."